కంబోడియా వెళ్ళేవారు గుడులతో పాటు ఖ్మేర్ ఆచారాలను, పండుగలను ఎలా తెలుసుకోవాలి?

శాకాహారులైన మీ తల్లిదండ్రులతో కలిసి సెప్టెంబరు, నవంబరు నెలల మధ్య కంబోడియా వెళ్ళాలనుకుంటున్నామని రాశారు. అంగ్కోర్ వాట్ ఎలాగూ చూస్తాము గనుక, దానితో పాటు ఆ దేశపు ప్రధాన జాతి అయిన ఖ్మేర్ ప్రజల పండుగలు, కళలు ఎక్కడ చూడవచ్చో, హిందూ సంప్రదాయం అక్కడ ఇంకా ఎంతవరకు మిగిలి ఉందో, ఏ మర్యాదలు పాటించాలో, పెద్దవాళ్ళ భోజనానికి ఏ ఏర్పాటు చేసుకోవాలో చెప్పమని అడిగారు. ఉద్యోగరీత్యా రాజధాని ఫ్నోం పెన్‌లో కొన్నేళ్ళు ఉండి, అక్కడి కుటుంబాల పండుగలలోను, పెళ్ళిళ్ళలోను, పెద్దల కార్యాలలోను పాలుపంచుకున్న అనుభవంతో నాకు తెలిసినది వివరంగా చెబుతాను.

హిందూ సంప్రదాయం గురించిన ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మన దేశం నుండి వెళ్ళే యాత్రికులలో చాలామంది ఆ విషయంలోనే పొరబడుతున్నారు. అంగ్కోర్ వాట్‌ను 12వ శతాబ్దపు తొలి సగంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించాడన్నది నిజం. పడమటి వసారా గోడల మీద ఒక వైపు కురుక్షేత్రం, మరొక వైపు లంకా యుద్ధం, తూర్పు వసారాలో దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కి ఉన్నాయన్నదీ నిజం. వాటిని చూసి పులకించిన మనవాళ్ళు, ఇది మన గుడి, వీళ్ళు దీన్ని మరచిపోయారు అని అక్కడి మార్గదర్శి ముందే అనడం నేను విన్నాను. ఆ మాట చరిత్రకూ సరిపోదు, ఎదుటివారి మనసుకూ సరిపోదు. ఆ గుడిని ఖ్మేర్ రాజు, ఖ్మేర్ శిల్పులు, ఖ్మేర్ శ్రామికులు కట్టారు. అదే శతాబ్దం చివర రాజ్యానికి వచ్చిన ఏడవ జయవర్మ మహాయాన బౌద్ధాన్ని ఆదరించి బాయన్, తా ప్రోమ్, ప్రెయా ఖాన్ ఆలయాలను కట్టించాడు. ఆ తరువాతి కాలంలో ప్రజలు థేరవాద బౌద్ధాన్ని స్వీకరించి, విష్ణువు గుడిని బుద్ధుని ఆరామంగా మార్చుకుని, పూజ మానకుండా నిలబెట్టుకున్నారు. అడవిలో కలిసిపోయిన గుడిని 19వ శతాబ్దంలో ఒక ఫ్రెంచి యాత్రికుడు కనుగొన్నాడన్న కథ ఇప్పటికీ చలామణీలో ఉంది గాని, 16వ శతాబ్దంలో యాత్రికులు అక్కడ చెక్కించిన ఖ్మేర్ శాసనాలే ఆ కథను కొట్టివేస్తాయి.

ఈ మార్పును ఒక్కచోట కళ్ళారా చూడాలంటే అంగ్కోర్ వాట్ పడమటి గోపురం దగ్గర కాసేపు నిలబడండి. అక్కడ ఎనిమిది చేతుల విష్ణు విగ్రహం ఒకటి ఉంది. అక్కడివారు ఆయనను ‘తా రీచ్’ అని పిలుస్తారు. వారి దృష్టిలో ఆయన ఆ చోటుకంతటికీ కాపుదారు, మహిమ గల పూర్వీకుడు. నారింజ రంగు వస్త్రం కట్టి, అగరువత్తులు వెలిగించి, తామరమొగ్గలు, పళ్ళు పెట్టి, కొత్తగా పెళ్ళయినవారు, పరీక్షలకు వెళ్ళే పిల్లలు మొక్కుకుంటారు. ఇలాంటి కాపుదారులను ‘నెయాక్ తా’ అంటారు. ఊరికొకరు, చెరువుకొకరు, పెద్ద చెట్టుకొకరు ఉంటారు, కొన్ని చోట్ల పుట్టలోనే కొలువై ఉంటారు. మన పొలిమేర దేవతలను ఎరిగిన తెలుగువారికి ఆ చిన్న గుడిసెలను చూడగానే సంగతి అర్థమవుతుంది. శివుడు, విష్ణువు, బుద్ధుడు, ఊరి కాపుదారు ఒకరినొకరు తోసివేయకుండా ఒకే భక్తిలో ఇమిడిపోయిన తీరు ఖ్మేర్ ఆధ్యాత్మికతకు ప్రాణం. ఎంత మిగిలింది అని లెక్క చూసుకుంటూ తిరిగేవారికి ఇది కనిపించదు.

రాజప్రాసాదంలో మాత్రం ‘బాకు’ అని పిలిచే ఆస్థాన బ్రాహ్మణుల పరంపర నేటికీ ఉంది. పట్టాభిషేకం వంటి కార్యాలలోను, మే నెల ప్రాంతంలో వచ్చే రాజ హలోత్సవంలోను వారి పాత్ర కనిపిస్తుంది. మన ఏరువాకను గుర్తుకు తెచ్చే ఆ ఉత్సవంలో దుక్కి ముగిశాక రాజ వృషభాల ముందు వరి, మొక్కజొన్న, చిక్కుళ్ళు, నువ్వులు, గడ్డి, నీరు, మద్యం ఏడు పళ్ళేలలో పెడతారు. అవి దేనిని ముట్టాయో చూసి ఆ ఏటి పంటల ఫలం చెబుతారు. ఏప్రిల్ మధ్యలో, సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే వేళ వచ్చే ఖ్మేర్ సంవత్సరాది కూడా చూడదగినదే. ఈ రెండూ మీ ప్రయాణ కాలంలో రావు కాబట్టి ఇంతటితో వదిలివేస్తున్నాను.

మీకు అందేది, నా దృష్టిలో ఖ్మేర్ సంప్రదాయాలన్నిటిలోకీ లోతైనది, ప్చుమ్ బెన్. పోత్రబోత్ మాసంలో, అంటే భాద్రపదంలో, కృష్ణపక్షం పదిహేను రోజులూ ఈ పండుగ జరుగుతుంది. మన మహాలయ పక్షమూ అదే పక్షం, మన మహాలయ అమావాస్య రోజులలోనే వారి ముఖ్య దినమూ వస్తుంది. అధికమాసాన్ని లెక్కించే పద్ధతిలో తేడా ఉన్నా, సాధారణంగా సెప్టెంబరు రెండవ సగం, అక్టోబరు మొదటి సగం మధ్య పడుతుంది గనుక టికెట్లు కొనేముందు ఆ ఏటి తేదీలు చూసుకోండి. ఈ పక్షంలో యమలోకపు ద్వారాలు తెరుచుకుంటాయని, ఆకలితో అలమటించే ప్రేతాలు తమ సంతానాన్ని వెతుక్కుంటూ ఒక్కొక్క ఆరామానికీ వస్తాయని, ఏడు ఆరామాలు తిరిగినా తమ పేరిట పెట్టిన అన్నం దొరకకపోతే బిడ్డలను శపిస్తాయని నమ్మకం. అందువల్లనే ప్రజలు కూడా వీలైతే ఏడు ఆరామాలకు వెళ్ళి దానం చేస్తారు.

మొదటి పద్నాలుగు రోజులూ ఊరి కుటుంబాలు వంతులు వేసుకుని భిక్షువులకు భోజనం సమర్పిస్తాయి. తెల్లవారుజామున నాలుగు గంటల వేళ, ఇంకా చీకటిగా ఉండగానే, జనం తెల్లని పైబట్టలు వేసుకుని ఆరామానికి చేరుకుంటారు. జిగురు బియ్యపు అన్నంలో నువ్వులు కలిపి కట్టిన ముద్దలను పళ్ళెంలో పెట్టుకుని, అగరువత్తులు, కొవ్వొత్తులు వెలిగించుకుని, విహారం చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేస్తూ ఆ ముద్దలను చీకటిలోకి విసురుతారు. ఘోరపాపం చేసిన ప్రేతాలు వెలుగును భరించలేవని, భిక్షువుల ద్వారా చేరే పుణ్యాన్ని కూడా అందుకోలేవని, అందుకే వాటికి నేరుగా, చీకట్లోనే అన్నం పెట్టాలని చెబుతారు. అన్నం నేలపాలు చేయడం ధర్మం కాదని, దానిని పళ్ళేలలోనే ఉంచాలని చెప్పే భిక్షువులూ ఉన్నారు. ఆ చర్చ కూడా సంప్రదాయంలో భాగంగానే సాగుతోంది. పొద్దెక్కాక కుటుంబాలు తమ పూర్వీకుల పేర్లు రాసిన కాగితాలు తెస్తాయి, భిక్షువులు ఆ పేర్లు తలచి పాళీ సూత్రాలు పఠిస్తారు, ఆరామపు కర్మకాండ తెలిసిన గృహస్థు పెద్ద, ఆయనను ‘ఆచార్’ అంటారు, అందరిచేతా క్రమం తప్పకుండా కార్యం చేయిస్తాడు.

మనకు మహాలయం ఇంటి కార్యం. కర్త ఉంటాడు, తిథి ఉంటుంది, గోత్రనామాలు ఉంటాయి. అక్కడ ఊరంతా కలిసి ఊరి మృతులందరికీ పెడుతుంది, ఆడవారు, పిల్లలు సమానంగా ముద్దలు విసురుతారు, ఎవరికీ చెందని ప్రేతాలకు కూడా అందులో వంతు ఉంటుంది. ఇది ఎందుకు అంత ముఖ్యమో 1975 ఏప్రిల్ 17 నుండి 1979 జనవరి 7 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు వర్గపు పాలనను తలచుకుంటేనే తెలుస్తుంది. ఆ నాలుగేళ్ళలోపు 15 నుండి 20 లక్షల మంది ఆకలితో, రోగాలతో, వెట్టిచాకిరితో, హత్యలతో చనిపోయారు. భిక్షువులచేత కాషాయాలు విప్పించారు, ఆరామాలను కొట్లుగా, చెరసాలలుగా మార్చారు. చనిపోయినవారిలో అత్యధికులకు దహనం లేదు, సూత్రపఠనం లేదు, ఎక్కడ పడిపోయారో కూడా కుటుంబానికి తెలియదు. నేడు డెబ్బై దాటిన ఒక అవ్వ తెచ్చే కాగితంలో భర్త పేరు, అన్నదమ్ముల పేర్లు, పసిబిడ్డ పేరు వరుసగా ఉంటాయి. ఆ పేర్లు భిక్షువు నోట వినడం కోసమే ఆమె ఏడాదంతా ఎదురుచూస్తుంది.

అందుచేత మీరు ఆ వేళకు వెళితే కెమెరా సంచిలోనే ఉంచండి. ముందు రోజు ఆరామానికి వెళ్ళి ఆచార్‌ను పలకరించి, రావచ్చునా అని అడగండి. కాదనడం నేను ఎన్నడూ చూడలేదు. బియ్యమో పళ్ళో తీసుకువెళ్ళండి. మీ తల్లిదండ్రులు తమ పెద్దల పేర్లు ఒక కాగితం మీద రాసి ఇస్తామంటే ఆచార్ సంతోషంగా తీసుకుంటాడు. పండుగ ముగిసే వేళ మూడు రోజులు దేశమంతటా సెలవు, నగరాలు ఖాళీ అవుతాయి, బస్సు టికెట్లు దొరకవు, చాలా దుకాణాలు, భోజనశాలలు మూసి ఉంటాయి. కాబట్టి ఆ రోజులలో ఊళ్ళు మారే పని పెట్టుకోవద్దు.

ప్రయాణం నవంబరుకు జరిగితే మీకు దొరికేది కార్తిక పూర్ణిమ నాటి జలోత్సవం, బోన్ ఓమ్ తూక్. వర్షాకాలంలో మెకాంగ్ నది పొంగి టోన్లే సాప్ నదిని వెనక్కు తోస్తుంది. నది ఎగువకు ప్రవహించి టోన్లే సాప్ సరస్సును వేసవిలో ఉన్నదానికి నాలుగైదు రెట్లు విస్తరింపజేస్తుంది. వానలు తగ్గాక నీరు మళ్ళీ సముద్రం దారి పడుతుంది. చేపలు, ఒండ్రు, వరి అన్నీ ఆ నీటి రాకపోకల మీదే ఆధారపడినవి గనుక నీరు తిరుగుముఖం పట్టే ఈ కాలమే దేశానికి పెద్ద పండుగ. ఫ్నోం పెన్‌లో రాజప్రాసాదం ఎదుట మూడు రోజులు పడవ పందేలు జరుగుతాయి, రాత్రి దీపాలంకారాలతో పెద్ద తెప్పలు నదిలో సాగుతాయి. పూర్ణిమ రాత్రి చంద్రునికి నమస్కరించి, కొత్త వడ్లు వేయించి దంచిన అటుకులను అరటిపండుతో, కొబ్బరి నీళ్ళతో కలిపి తింటారు. 2010లో ఇదే పండుగ చివరి రాత్రి ఒక వంతెన మీద జరిగిన తొక్కిసలాటలో 340 మందికి పైగా మరణించారు. పెద్దవాళ్ళు వెంట ఉన్నారు కనుక నది ఒడ్డున ఏదైనా మేడ మీద నుండి చూడడం మేలు, లేదా అంగ్కోర్ పక్కనున్న సియెమ్ రీప్‌లో జరిగే చిన్న పందేలకు వెళ్ళండి.

కళల విషయానికి వస్తే, సియెమ్ రీప్‌లో భోజనంతో కలిపి చూపించే అప్సర నృత్యాన్ని చూసి రాజాస్థాన నృత్యమంతా చూశామనుకోవద్దు. అంగ్కోర్ గోడల మీద అప్సరలు ఉన్నా, నేడు మనం చూసే అప్సర నృత్యాన్ని 20వ శతాబ్దం మధ్యలో రాణి సీసోవాత్ కోసమక్ రూపొందించారు. ఆమె మనుమరాలు, రాకుమారి నరోదమ్ బుప్ఫా దేవి అందులో తొలి ప్రధాన నర్తకి. దానికి ముందునుండీ ఉన్న రాజనృత్యంలో స్త్రీ, పురుషుడు, రాక్షసుడు, వానరుడు అని నాలుగు పాత్రల తరగతులు ఉంటాయి, ఒక్కొక్క తరగతికి శిక్షణ చిన్ననాటి నుండే వేరు. వేళ్ళను వెనుకకు విల్లులా వంచి పట్టే ముద్రలలో మొలక, ఆకు, పువ్వు, కాయ అన్న క్రమం పలుకుతుంది. ఖ్మేర్ రూజ్ కాలంలో గురువులలో దాదాపు అందరూ నశించగా, బతికినవారు 1979 తరువాత ఒకరినొకరు వెతుక్కుని, ఎవరికి గుర్తున్న ముద్రలు వారు చెప్పుకుంటూ మొత్తం సంప్రదాయాన్ని తిరిగి కూర్చారు. 2003లో యునెస్కో ఈ రాజనృత్యాన్ని మానవజాతి వారసత్వ కళాఖండంగా ప్రకటించింది. ప్రదర్శనకు ముందు గురువులకు, ‘సంఫో’ మద్దెలకు చేసే నమస్కారాన్ని తప్పక చూడండి.

వారి రామకథ పేరు రీమ్‌కేర్. అందులో రాముడు ప్రెయా రీమ్, సీత నీయంగ్ సెదా, రావణుడు క్రోంగ్ రీప్. సేతువు కట్టేటప్పుడు రాళ్ళను దొంగిలించిన మత్స్యకన్య సోవన్ మచ్చా రావణుని కూతురు. హనుమంతుడు ఆమెను ప్రేమించి తనవైపు తిప్పుకుంటాడు. బ్రహ్మచారి ఆంజనేయునికి మొక్కే మనకు ఇది వినగానే కష్టం అనిపించవచ్చు. అయినా దీనిని అపచారంగా తీసుకోకండి. శతాబ్దాల పాటు వారు తమ నదుల మధ్య, తమ బౌద్ధం మధ్య చెప్పుకున్న కథ ఇది. ఫ్నోం పెన్ రాజప్రాసాదంలో వెండి పగోడా చుట్టూ ఉన్న ప్రాకారపు వసారాలో ఈ కథను 1903, 1904లలో చిత్రించారు. వానకు, తేమకు కొంత చెదిరినా రెండు గంటలు పెట్టి నడుస్తూ చూడదగినది. ఇదే కథను ‘స్బెక్ థొమ్’ అనే తోలుబొమ్మలతో ఆడతారు. మన తోలుబొమ్మలకు రంగులు, కదిలే చేతులు ఉంటాయి. వారి బొమ్మ ఒకే తోలు మీద సన్నివేశమంతా చెక్కిన పలక, కొన్ని రెండు మీటర్ల ఎత్తుంటాయి, కీళ్ళు ఉండవు. కదలిక అంతా ఆ పలకను రెండు చేతులా ఎత్తి తెర ముందు, వెనుక నాట్యం చేసే మనిషిదే. తోలుబొమ్మలాట తెలిసినవారెవరైనా దీనికోసం ఒక సాయంత్రం కేటాయించాలని నా గట్టి అభిప్రాయం. కుర్రకారు ఉంటే 1994లో బాటంబాంగ్‌లో మొదలైన ఫారె కళాశాల విద్యార్థులు సియెమ్ రీప్‌లో ఆడే సర్కస్ కూడా చూపించండి. అందులో జంతువులు ఉండవు, దేశపు ఇటీవలి చరిత్రను కథగా చెబుతారు.

పెళ్ళిళ్ళు వానలు వెనుకబట్టాక మొదలవుతాయి. ఉదయాన్నే దారి పొడవునా పళ్ళేలలో పళ్ళు, పిండివంటలు పట్టుకుని సాగే ఊరేగింపు కనిపిస్తే అది వధువు ఇంటికి వెళ్ళే వరుని బృందం. చేతులకు ఎర్ర దారాలు కట్టి దీవించడం, పోకపూలు చల్లడం ముఖ్యమైన ఘట్టాలు. చివర వరుడు వధువు పైట కొంగు పట్టుకుని ఆమె వెంట గదిలోకి నడుస్తాడు. సముద్రం దాటి వచ్చిన ప్రెయా థోంగ్ నాగకన్య పైట పట్టుకుని నాగలోకానికి వెళ్ళిన కథకు ఇది గుర్తు, ఖ్మేర్ జాతి ఆ దంపతుల నుండే మొదలయిందని చెప్పుకుంటారు. పల్లెలలో అల్లుడు అత్తవారింట కాపురం పెట్టడం సాధారణం. మిమ్మల్ని పిలిస్తే తప్పక వెళ్ళండి, కవరులో చదివింపులు ఇవ్వండి.

మర్యాదలలో మొదటిది ‘సంపెయా’, చేతులు జోడించి నమస్కరించడం. చేతుల ఎత్తును బట్టి గౌరవం మారుతుంది: సమవయస్కులకు గుండె దగ్గర, పెద్దలకు నోటి దగ్గర, తల్లిదండ్రులకు, గురువులకు ముక్కు దగ్గర, రాజుకు, భిక్షువులకు కనుబొమల దగ్గర, బుద్ధునికి నుదుట. అపరిచితులను కూడా వరుసలతోనే పిలుస్తారు. కాస్త పెద్దవారైతే ‘బోంగ్’, తాత వయసువారైతే ‘తా’, అవ్వ అయితే ‘యెయ్’ అంటే చాలు, ముఖాలు విచ్చుకుంటాయి. మనవాళ్ళు పొరపాటు చేయగలిగేది ఒకటుంది: ముద్దొచ్చిన పిల్లల తల నిమరడం, దీవిస్తూ తల మీద చేయి పెట్టడం. అక్కడ తల పవిత్ర స్థానం, పరాయివారు ముట్టకూడదు. కాళ్ళు బుద్ధుని వైపు గాని మనుషుల వైపు గాని చాపకూడదు. ఆరామంలో కాళ్ళు ఒక పక్కకు మడిచి కూర్చోవాలి. స్త్రీలు భిక్షువులను తాకకూడదు, ఇవ్వదలచినది వారి ముందు పరచిన బట్ట మీద పెట్టాలి. అంగ్కోర్ విగ్రహాలకు కుంకుమ అద్దడం, కర్పూరం వెలిగించడం, కొబ్బరికాయ కొట్టడం దయచేసి చేయకండి. మొక్కుకోవాలనిపిస్తే తా రీచ్ దగ్గర అందరితో పాటు అగరువత్తి పెట్టండి.

ఫ్నోం పెన్‌లో ఖ్మేర్ రూజ్ కాలపు తూల్ స్లెంగ్ చెరసాలకు, చూంగ్ ఏక్ సమాధి క్షేత్రానికి వెళ్ళండి గాని, పరిచయమైన పెద్దవారిని ఆ కాలం గురించి మీరుగా అడగవద్దు. చెప్పాలనుకుంటే వారే చెబుతారు, అప్పుడు మధ్యలో మాట్లాడకుండా వినండి.

ఇక భోజనం. నిమ్మగడ్డి, గలంగల్ దుంప, పసుపు, కాఫిర్ నిమ్మాకు, వెల్లుల్లి రోట్లో నూరిన ‘క్రూయెంగ్’ ముద్దతో వంట మొదలవుతుంది, దానిలో పులియబెట్టిన చేపల ముద్ద ‘ప్రహోక్’ గాని, చేపల నీరు (ఫిష్ సాస్) గాని పడకుండా ఉండడం అరుదు. మాంసం వద్దంటే సరిపోదు, చేపల నీటితో వండిన కూర వస్తుంది. ‘మ్హోప్ బుఅహ్’ అంటే తపస్సులో ఉన్నవారి ఆహారం, అంటే పూర్తి శాకాహారం అని అర్థమవుతుంది. ఆ మాటతో పాటు చేపల నీరు కూడా వద్దని ఖ్మేర్ లిపిలో రాయించుకుని ఉంచుకోండి. ఫ్నోం పెన్‌లోను, సియెమ్ రీప్‌లోను శాకాహార భోజనశాలలు, భారతీయ భోజనశాలలు ఉన్నాయి. పల్లెలకు వెళ్ళే రోజు మాత్రం ఇంటి నుండి తెచ్చిన పొడులు, అటుకులు ఆదుకుంటాయి. కాంపోట్ మిరియాలు, తాటిబెల్లం కొనుక్కోండి. తాటిచెట్టు అక్కడ జాతీయ వృక్షం; ముంజలు దారి పక్కనే దొరుకుతాయి, తాటిపండు గుజ్జుతో బియ్యప్పిండి కలిపి ఆవిరి మీద ఉడికించే పసుపుపచ్చని రొట్టెలు మీ అమ్మగారికి తప్పక నచ్చుతాయి.

అంగ్కోర్ ప్రవేశ రుసుము 2017 నుండి ఒక రోజుకు 37, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72 అమెరికన్ డాలర్లు; పెద్దవారితో మూడు రోజులది తీసుకోవడం మంచిది. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు లేనిదే అంగ్కోర్ వాట్ పై అంతస్తు బకాన్‌కు పంపరు. చీర, పంచె సరిపోతాయి, చేతులు లేని రవికె సరిపోదు. నెలకు నాలుగు సార్లు వచ్చే, బౌద్ధుల పుణ్యదినాలైన శీల దినాలలో బకాన్ మూసి ఉంటుంది, కానీ చుట్టుపక్కల ఆరామాలు ఆ రోజునే నిండుగా ఉంటాయి కనుక మీ తిరుగుడును అందుకు తగినట్టు మార్చుకోండి. బకాన్ మెట్లు బాగా నిటారుగా ఉంటాయి. మీ నాన్నగారికి మోకాళ్ళ నొప్పులుంటే ఆయనను కింది వసారాలో క్షీరసాగర మథనం దగ్గర కూర్చోబెట్టి, మీరు మాత్రం పైకి వెళ్ళి రండి.